భానూర్ క్షిపణికి ఒక్క రింగూ లేదు

కట్టించుకున్న గాలం రాడ్ల మోజు మన పటాన్‌చెరు, సంగారెడ్డి చెరువు గట్ల దాకా వచ్చేసింది కాబట్టి ఇక మాట్లాడుకోక తప్పదు. షాపులో కొన్న రాడ్డు పట్టుకుంటే నామోషీ, కట్టించింది పట్టుకుంటే హోదా. పెళ్లిచూపుల్లో గోత్రం అడిగినట్టు గట్టున ఇప్పుడు రాడ్డు మీద దారం నడిచే రింగుల గోత్రం అడుగుతున్నారు. ఫ్రేము టైటానియమా, స్టీలా? లోపలి వలయం సిలికాన్ కార్బైడా, ఉత్త అల్యూమినానా? స్టీలే అన్నవాడి వంక రేషన్ కార్డు చూసినట్టు జాలిగా చూస్తారు. చేప పడిందా అని మాత్రం అడగరు. పడకపోతే తప్పు రింగుది. ఆడలేక మద్దెల ఓడన్న సామెతకు కొత్త మద్దెల దొరికింది, దిగుమతి సుంకంతో సహా. ఈ రింగుల మీద అన్నిటికంటే గట్టిగా వినిపించే మాట ఒకటుంది: మంచి రింగులుంటే దారం దూరం పోతుందట.

దారం దూరం పోవడమే విద్య అయితే, అందులో లోకానికి పాఠం చెప్పగల ఊరు భానూర్. అక్కడి భారత్ డైనమిక్స్ యూనిట్‌లో తయారయ్యే కొంకుర్స్-ఎం అనే ట్యాంకు విధ్వంసక క్షిపణి సన్నని తీగను వెనక విప్పుకుంటూ పోతుంది. దారి చూపే ఆదేశాలు ఆ తీగ మీదుగానే అందుతాయి. 4,000 మీటర్లు, సుమారు 19 సెకన్లు. అంటే సెకనుకు 200 మీటర్ల పైమాటే. ఆ తీగకు రింగులెన్ని? ఒక్కటీ లేదు. కండె క్షిపణితోపాటే పోతుంది కనుక తీగను ఈడ్చే పని లేదు, అది దానంతటది జారుతుంది. మన గాలం సంగతి తిరగబడింది. కండె చేతి దగ్గరే ఆగిపోతుంది, సీసం ముక్క దారాన్ని ఈడ్చుకుపోవాలి. దారిలో తగిలే ప్రతి రింగూ ముత్తంగి టోల్‌గేటే. టోలు తక్కువ తీసుకునే రింగు ఉండొచ్చు, ఎదురు డబ్బిచ్చి పంపే రింగు ఇంకా పుట్టలేదు. కాబట్టి రింగు విసురును పెంచదు. మంచిదైతే తక్కువ పాడుచేస్తుంది, అంతే.

మరి రింగులన్నీ పీకేయమంటారా అని అడుగుతారు. వద్దు. క్షిపణి తిరిగి రాదు, చేప రావాలి. రింగు అసలు ఉద్యోగం అక్కడే మొదలవుతుంది. చేప లాగినప్పుడు రాడ్డు విల్లులా వంగుతుంది. దారం ఆ వంపు వెంటే నడిస్తే బరువును రాడ్డు కొస నుంచి పిడి దాకా పంచుకుంటుంది. రింగులు తక్కువైనా, తప్పుచోట కట్టినా దారం వంపును వదిలి అడ్డదారి పడుతుంది, బరువంతా ఒకచోట పడి రాడ్డు అక్కడే విరుగుతుంది. అడుగుకొక రింగు, పైన ఇంకొకటి అన్న మోటు లెక్క అందుకే పుట్టింది. ఆ లెక్కనూ గుడ్డిగా నమ్మక్కర్లేదు: దారం కట్టి బరువు వేలాడదీసి, వంపు చూసి రింగులు జరుపుకోవచ్చు. విసురు విషయంలో నిజంగా లెక్కించదగ్గది రీలుకు దగ్గరగా ఉండే మొదటి పెద్ద రింగు. చుట్టలు చుట్టలుగా వచ్చే దారాన్ని అది లొంగదీయాలి. అందులోనూ ముఖ్యం దాని వెడల్పు, రీలు నుంచి దాని దూరం. దాని లోహం కాదు. కట్టేవాణ్ణి అడగాల్సినవి ఇవి. అడిగేది మాత్రం బ్రాండు.

ఇక గట్టితనం పురాణం. సన్నని అల్లిక దారం స్టీలు రింగును కోసేస్తుంది అంటారు. నిజమే, కాకపోతే కోసేది దారం కాదు, దారానికి అంటుకున్న బురదలోని ఇసుక. మోస్ కొలత మీద ఇసుక గట్టితనం 7. రింగు స్టీలు దానికి తక్కువ, కాబట్టి గాడి పడుతుంది. అల్యూమినా 9, సిలికాన్ కార్బైడు అంతకు కాస్త పైన, వజ్రం 10. ఇసుక గీయలేని వలయం అల్యూమినాతోనే వచ్చేసింది. దొంగ నిచ్చెనకు అందని గోడ మీద ఇంకో వరస ఇటుక పేర్చడానికి అంత డబ్బెందుకు? సిలికాన్ కార్బైడు వేడిని త్వరగా లాగేస్తుంది అంటారు. లాగేస్తుంది, కానీ ఆ వేడేది? సముద్రంలో ట్యూనా వందల మీటర్ల దారం లాక్కుపోతే రింగు కాలొచ్చు. మన కొర్రమట్ట ఒక్క ఉరుకు ఉరికి గుర్రపుడెక్కలో దూరుతుంది. దారమేమో తడిసే ఉంటుంది. నిప్పు లేని పొయ్యికి పొగగొట్టం కొంటున్నాం.

ఈ గట్టితనం పిచ్చిలో మరుగున పడ్డ సంగతి ఇంకొకటుంది. గట్టి పింగాణీ అరగదు, పగులుతుంది. బైకు మీద రాడ్డు కట్టుకెళ్లినప్పుడు, గట్టు రాయికి ఆనించినప్పుడు తగిలే దెబ్బకు కంటికి కనిపించని బీట పడుతుంది. ఆ బీట దారాన్ని బ్లేడులా గీస్తుంది. అరగదని గ్యారంటీ ఇచ్చేవాడు ఈ మాట ఎత్తడు.

బరువు సంగతీ చూద్దాం. టైటానియం సాంద్రత 4.5, స్టీలుది 8కి దగ్గర. కొస దగ్గర తగ్గించే బరువుకు విలువ ఎక్కువన్న వాదన భౌతికశాస్త్రమే, కాదనను. అయితే ఆదా అయ్యే కొద్ది గ్రాములను కట్టేవాడు మెరుపు కోసం మందంగా పోసిన ఎపాక్సీ తిరిగి ఎక్కిస్తుంది. బరువు తగ్గాలని పెట్టిన మైక్రో రింగులు నాచు చెరువులో జల్లెడ పని చేస్తాయి.

చివరి గొప్ప: టైటానియం ఉప్పునీటికీ తుప్పు పట్టదు. సముద్రం చూడాలంటే రాత్రంతా బస్సెక్కాల్సిన జిల్లాలో ఈ హామీకి నవ్వాలి. నవ్వు రాదు. ఈ ప్రాంతంలో దాదాపు 90 మందుల తయారీ సంస్థల వ్యర్థజలాన్ని శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించారు. శుద్ధి అయిన తర్వాతి లెక్క అది. కొన్ని బ్యాక్టీరియాలను చంపే మోతాదుకు వెయ్యి రెట్ల పైన. ఆ నీళ్లు అప్పట్లో ఇసుకవాగులోకి, నక్కవాగులోకి, అక్కడి నుంచి మంజీరలోకి పోయేవి. 2017 అక్టోబరులో ఇక్కడి గండిగూడెం చెరువులో టన్నుల కొద్దీ చేపలు చచ్చి తేలాయి. వాటి మీద బతికే మత్స్యకారుల ఏడాది కూడు ఆ గట్టున కుళ్లింది. రింగుకు తుప్పు పట్టదని రాసిచ్చేవాళ్లున్నారు, చేప బతుకుతుందని రాసిచ్చేవాడు ఒక్కడు లేడు. ఇది సిగ్గుపడాల్సిన విషయం. మనం వలయం మెరుపు గురించి వాదించుకుంటున్నాం.

సరదాకు శాస్త్రమెందుకు, నా డబ్బు నా ఇష్టం అంటే అభ్యంతరం లేదు. వెండి గిన్నెలో గంజి తాగినా ఎవరూ ఆపరు, గంజికి రుచి పెరిగిందని మాత్రం చెప్పొద్దు. కొస రింగు దగ్గర్నుంచి ఒక్కో రింగులో దూది తిప్పి చూడండి. పీచు పట్టుకుంటే అది బీటవారింది, మార్చండి. పట్టకపోతే ఉన్న రింగులే చాలు. మిగిలిన డబ్బుతో మీ చెరువు నీళ్లు ఒక సీసాడు పట్టి ల్యాబులో ఇవ్వండి.