ఎక్కడ చౌకో చెప్పే వెబ్‌సైట్‌ను ఎక్కువకు అమ్మడం ఎలా?

నిజామాబాద్ గాంధీచౌక్‌లో సెల్‌ఫోన్ల షాపున్న తమ్ముడొకడు, ఏ ఫోను ఎక్కడ ఎంతకు దొరుకుతుందో పోల్చి చూపే వెబ్‌సైట్ కూడా నడుపుతున్నాడు. ఇప్పుడు దాన్ని అమ్మేస్తానని నా దగ్గరికొచ్చాడు. జన్మలో ఒక్క కంపెనీ అమ్మిన పాపాన పోలేదు కాబట్టి నా దగ్గర సలహాలకు కొదవ లేదు.

తమ్మీ, ముందు రేటు సంగతి. కొనేటోడు ఆదాయం లెక్కలు అడుగుతాడు. ఇవ్వకు, కథ చెప్పు. మన దేశం కుర్రాళ్లు అమెరికాలో జంగ్లీ అని ఇలాంటిదే పెడితే 1998లో అమెజాన్ ఎగరేసుకుపోయింది. అలాంటిదే ఇంకో సైటు షాప్‌జిల్లాను 2005లో స్క్రిప్స్ అనే పత్రికల కంపెనీ 52.5 కోట్ల డాలర్లు పోసి కొన్నది. సరిగ్గా ఇక్కడ ఆపి, టీ చెప్పు. అదే షాప్‌జిల్లాను 2011లో 16.5 కోట్లకు వదిలించుకున్నారన్న ముక్క టీ తాగాక కూడా గుర్తు రాకూడదు.

సైట్‌కు జనం ఎట్లొస్తున్నరని అడిగితే "మన మీద అభిమానం" అను. గూగుల్ పంపితేనే వస్తున్నారనకు. గూగుల్ తన షాపింగ్ పెట్టెను పైన పెట్టుకుని పోల్చే సైట్లను కిందికి తోసిందని ఐరోపా కమిషన్ 2017లో 242 కోట్ల యూరోల జరిమానా వేసింది. కేసు అప్పీళ్లన్నీ తిరిగి 2024 సెప్టెంబరులో తేలింది. న్యాయం మనవైపే ఉందని గట్టిగా చెప్పు. ఆ ఏడేళ్లు సర్వర్ బిల్లు ఎవరు కట్టాలన్నది చిల్లర ప్రశ్న.

ఇక కమీషన్ ఇవ్వని షాపును జాబితాలోంచి తీసెయ్. చౌకదే పైన ఉండాలని ఏ చట్టంలో రాసుంది?

కొనేటోడు ఊరు చూపించమంటే చూపించు గానీ, పసుపు యార్డుకు మాత్రం తీసుకుపోకు. అక్కడ ఆర్మూరు వైపు రైతు ఒకాయన కుప్ప పక్కన గొంతుక్కూర్చుని ఉంటాడు. ఒక కొమ్ము తీసి విరుస్తాడు. టక్కుమంటే ఎండినట్టు, వంగితే ఇంకా పచ్చి ఉన్నట్టు. చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించి, "సాంగ్లిల కొమ్ము ఎంత నడుస్తున్నదే?" అంటాడు. లారీ కిరాయి, హమాలీ, అక్కడ పడిగాపులు పడే రోజులు అన్నీ వేళ్ల మీద కూడుకుని, ఇక్కడే అమ్మాలో లేదో ఫోను పెట్టేలోపు తేల్చేస్తాడు. అంతేనా, 2016లో ఈ-నామ్ అనే ఆన్‌లైన్ మార్కెట్ మొదలైనప్పుడు మొదట చేరిన యార్డుల్లో ఇదొకటి. ఇదంతా చూస్తే, "మీ సైట్ పేరుకు పేరు పోలుస్తుంది, ఈయన సరుకుకు సరుకు పోలుస్తున్నాడు కదా" అంటాడు కొనేటోడు. బేరం అక్కడే చెడుతుంది.

భవిష్యత్తు గురించి అడిగితే బోధన్ ఉదాహరణ చెప్పు. అక్కడ నిజాం కాలంలో పుట్టిన చక్కెర ఫ్యాక్టరీలో 2002లో 51 శాతం ప్రైవేటుకిచ్చి 49 శాతం సర్కారు ఉంచుకుంది. నువ్వూ అట్లే చెయ్. 49 శాతం ఉంటే ఓనరుననే చెప్పుకోవచ్చు, తాళంచెవి మాత్రం అవతలోడి దగ్గరుంటుంది. ఆ ఫ్యాక్టరీకి 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించారు. ఎన్నికలొచ్చినప్పుడల్లా తెరుస్తామంటూనే ఉన్నారు. కాబట్టి ఫ్యాక్టరీ ఉన్న శక్కర్‌నగర్ గేటు దాకా కారు పోనివ్వకు.

అక్కడి చెరుకు రైతునూ పలకరించనీయకు. నరికిన చెరుకు ఒకటి రెండు రోజుల్లో మిల్లుకు చేరకపోతే తూకం పడిపోతుంది, చక్కెర శాతమూ తగ్గుతుంది. అందుకే దగ్గర్లో ఉన్న గేటుకే తోలాలి. అదీ మూతపడితే, "ఏం పోలుస్తం బిడ్డా, కామారెడ్డి దిక్కు పంపుడే" అంటాడు. కొనేటోడు తెలివైనోడైతే నీ సైట్‌కూ ఒక్కటే గేటు ఉందని, దాని తాళం గూగుల్ జేబులో ఉందని పోల్చుకుంటాడు.

తమ్ముడు అన్నీ ఓపిగ్గా విని, సైట్ అమ్మడానికి అసలు కారణం చెప్పాడు. మొన్న ఒక పిల్లగాడు షాపుకొచ్చి ఫోను తిప్పితిప్పి చూసి, "అన్నా, ఆన్‌లైన్‌ల మూడొందలు తక్కువున్నది గదా" అని స్క్రీన్ చూపించాడట. అది తమ్ముడి సైటే. మూడొందలు తగ్గించి, పైన గ్లాసు ఉచితంగా అంటించి పంపాడు.

ఈ ముచ్చట మాత్రం కొనేటోడి దగ్గర ఎత్తొద్దన్నాను.