గరగరకు టీకా తాత్పర్యం

అవతారిక

మెతుకు సీమలోని కొలచల, అంటే నేటి కొల్చారం, ఇంటిపేరుగా గల మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్య రాస్తూ రెండు నియమాలు పెట్టుకున్నాడు. మూలంలో లేనిది రాయడు, అక్కర్లేనిది చెప్పడు. బేస్ గిటార్ ముందు కాలితో తొక్కే పెడళ్లు పేర్చుకునేవారికి ఈ రెండు నియమాలూ చాలు. ఎవరూ పాటించరు కనుక ఈ టీక అవసరమైంది.

పద్యం

మొదట సుతిపెట్టె పిమ్మట ముక్కుతాడు
పైని గరగర కొంచెమే పాలు గలిపి
చివర నలలును మ్రోతయుఁ జేర్చినంత
తాళమేళాన బేసుకుఁ దావు దొరకు

కర్త తన పేరు చెప్పుకోలేదు. కాబట్టి బేస్ వాయించేవాడే అయి ఉంటాడు. వేదిక మీద పరిచయాల్లో చివరి పేరు అతనిదే. ఒక్కోసారి అదీ ఉండదు.

ప్రతిపదార్థం

మొదట = గిటార్ నుంచి వచ్చిన కేబుల్ గుచ్చే చోట; సుతిపెట్టె = ట్యూనర్ పెడల్; పిమ్మట = దాని తరువాత, అంటే దానికి ఎడమ పక్కన (పెడళ్లలో శబ్దం సాధారణంగా కుడి నుంచి ఎడమకు నడుస్తుంది); ముక్కుతాడు = కంప్రెసర్; పైని = ఆ మీదట; గరగర = ఓవర్‌డ్రైవ్, డిస్టార్షన్, ఫజ్ అనే మూడింటిలో ఒకటి (మూడూ కలిపి కాదు); కొంచెమే పాలు = తక్కువ వంతుగా; కలిపి = బ్లెండ్ నాబ్ తిప్పి; చివరన్ = ఆఖరున; అలలును = కోరస్; మ్రోతయున్ = డిలే, రివర్బ్; చేర్చినంతన్ = చేర్చగానే; తాళమేళానన్ = డ్రమ్స్, గిటార్, కీబోర్డు, గొంతు కలిసి మోగేటప్పుడు; బేసుకున్ = బేస్ గిటారుకు; తావు = చోటు; దొరకున్ = దొరుకుతుంది. ‘తప్పక’ అని కవి అనలేదు. అనుభవజ్ఞుడు.

తాత్పర్యం

శ్రుతి చూసుకొని, ఎగుడుదిగుళ్లు సరిచేసుకొని, గరగరను తగుమాత్రం కలుపుకొని, అలంకారాలు ఆఖరున పెట్టుకున్న బేసిస్టు బ్యాండులో వినబడతాడు.

విశేషాలు

1. సుతిపెట్టె. ట్యూనరుకు కల్తీ లేని శబ్దం కావాలి. ఫజ్ తరువాత పెడితే సూది ఎటు చూడాలో తెలియక ఊగుతుంది. నాలుగు తీగల బేస్‌లో అతి లావు తీగ సుమారు 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. అంత కింది స్వరాన్ని పట్టుకోవడానికి ట్యూనర్ తడబడితే 12వ ఫ్రెట్ మీద వేలు తాకీ తాకనట్టు ఆనించి హార్మోనిక్ మీటాలి, వెంటనే కుదురుకుంటుంది.

శంక: చెవితో శ్రుతి చేసుకోగలవాడికి పెట్టె ఎందుకు? సమాధానం: పక్కన డ్రమ్మర్ సౌండ్ చెక్ చేస్తుంటే చెవి ఎవరి మాటా వినదు. పైగా ట్యూనర్ తొక్కగానే శబ్దం ఆగుతుంది. పాటకూ పాటకూ మధ్య ‘డుయ్... డుయ్...’ అని శ్రుతి చేసుకునే శిక్ష శ్రోతలకు తప్పుతుంది.

2. ముక్కుతాడు. ఇది సార్థకమైన ఉపమానం. ఎద్దు నడక ఆగకూడదు, పక్క చేలో పడకూడదు. వేలితో మెల్లగా మీటిన స్వరానికీ, స్లాప్ చేసి బొటనవేలితో కొట్టిన స్వరానికీ మధ్య తేడా చాలా ఎక్కువ. కంప్రెసర్ ఆ పెద్ద స్వరాన్ని లాగి పట్టుకుంటుంది. నిష్పత్తి 4:1 అంటే, గీసిన గీత దాటి శబ్దం 4 డెసిబెల్స్ పెరిగితే బయటికి ఒక్క డెసిబెల్ మాత్రమే వస్తుంది. బ్యాండులో చాలావరకు ఇది సరిపోతుంది.

ఇక్కడ సూక్ష్మం తాడు ఎంత త్వరగా లాగాలో చెప్పే అటాక్ నాబ్‌లో ఉంది. దాన్ని మరీ వేగంగా పెడితే వేలు తీగను మీటిన తొలి ‘టక్’ కూడా అణగిపోతుంది. కిక్ డ్రమ్‌తో బేస్ కలిసిందా లేదా అని చెవికి చెప్పేది ఆ టక్కే. కొంచెం నెమ్మదిగా పెట్టి, ఆ టక్‌ను వదిలి, వెనక వచ్చే మోతను పట్టుకోవాలి. తాడు మరీ బిగిస్తే గట్టిగా వాయించినా మెల్లగా వాయించినా ఒకటే వినబడుతుంది. వేళ్లలోని భావం అంతా అక్కడితో సమాప్తం.

3. శంక: మీటిన స్వరానికి కింది ఆక్టేవ్‌ను జోడించే ఆక్టేవరును కవి ఎందుకు వదిలాడు? సమాధానం: తేటగీతికి నాలుగే పాదాలు. అయినా దాని స్థానం ట్యూనరుకూ కంప్రెసరుకూ మధ్య అని పెద్దల మాట. బాస్ కంపెనీ 1982లో తెచ్చిన ఓసీ-2 వంటి పాత రకాలు ఒకసారికి ఒక్క స్వరాన్నే గుర్తుపడతాయి. అతి లావు తీగను వదిలి మీటి, దాని కిందికి ఇంకో ఆక్టేవ్ అడిగితే సుమారు 20 హెర్ట్జ్ అవుతుంది. అది మనిషి చెవికి పొలిమేర. కాలేజీ ఫెస్టులో అద్దెకు తెచ్చిన స్పీకర్లు ఆ పొలిమేర దాకా పోవు. ఆక్టేవర్ తొక్కినప్పుడు చెయ్యి మెడ పైభాగానికి పోవాలి.

4. గరగర. ఇందులో ఫజ్ పెట్టె పుట్టుక నాష్‌విల్‌లో, అదీ బేస్‌తోనే. మార్టీ రాబిన్స్ ‘డోంట్ వరీ’ పాటలో గ్రేడీ మార్టిన్ వాయించిన ఆరు తీగల బేస్, మిక్సింగ్ కన్సోల్‌లో పాడైన ఒక ఛానెల్ గుండా వెళ్లి గరగరలాడింది. దాన్ని తీసేయకుండా అలాగే ఉంచారు. పాట 1961లో వచ్చింది. మరుసటేడు గిబ్సన్ వాళ్లు ఆ గరగరను పెట్టెలో పెట్టి, మేస్ట్రో ఫజ్-టోన్ పేరుతో అమ్మారు. గిటారిస్టులు ఫజ్ తమ సొత్తు అనుకుంటే ఈ చరిత్ర వినిపించవచ్చు.

‘కొంచెమే’ అన్న చోట హాస్టల్ ప్రతుల్లో ‘కొల్లగా’ అని పాఠాంతరం ఉంది. గణాలు సరిపోతాయి, ఛందస్సు చెడదు. పాట చెడుతుంది. గిటార్ల కోసం చేసిన ఓవర్‌డ్రైవులు చాలావరకు కింది స్వరాలను ముందే కోసేస్తాయి. మొత్తం బేస్‌ను దాని గుండా పంపితే పైన గరగర మిగిలి కింద నేల ఉండదు. అందుకే బ్లెండ్ నాబ్. దానితో మూలశబ్దం యథాతథంగా ఉంటూనే గరగర పక్కన చేరుతుంది. 1965లో బీటిల్స్ పాట ‘థింక్ ఫర్ యువర్‌సెల్ఫ్’లో పాల్ మెకార్ట్‌నీ వాయించిన ఫజ్ బేస్‌తో పాటు మామూలు బేస్ కూడా వినబడుతుంది. ‘కొంచెమే’ అన్నదే శిష్టపాఠం అనడానికి ఇది ప్రమాణం.

ఇళయరాజా పాటలు వాయించేటప్పుడు ఆ కొంచెం కూడా వద్దు. అక్కడ బేస్ పల్లవి పక్కన తనదైన రాగంతో నడుస్తుంది. గరగర పెడితే ఆ నడకలోని స్వరాలు అలుక్కుపోతాయి.

5. అలలు, మ్రోత. కోరస్ కింది స్వరాలను కదిలించి నేలను బురద చేస్తుంది. డిలే పాత స్వరం మీద కొత్త స్వరాన్ని పడేస్తుంది. మెడ పైభాగంలో సోలో వాయించినప్పుడు తొక్కి, అయిపోగానే ఆపేయాలి. ఇంతకు మించి వ్యాఖ్య అనవసరం.

6. తాళమేళాన. పద్యానికి ప్రాణం ఈ పదం. తక్కిన మూడు పాదాలూ గదిలో నేర్చుకోవచ్చు. ఇది మాత్రం నలుగురి మధ్యే తెలుస్తుంది. గదిలో ఒంటరిగా వాయించేవాడు అడుగు పెంచి, నడుమ తగ్గించి, పైన మెరుపు పెడతాడు. చెవికి చాలా ఇంపుగా ఉంటుంది. బ్యాండ్ మొదలవగానే అడుగును కిక్ డ్రమ్ ఆక్రమిస్తుంది, పైభాగాన్ని సింబళ్లూ గిటారూ పంచుకుంటాయి. బేస్‌కు మిగిలింది నడుమ. దాన్ని ఇతనే స్వహస్తాలతో తగ్గించుకున్నాడు. ‘రేయ్, బేస్ ఏదిరా?’ అని డ్రమ్మర్ అరుస్తాడు. ఇతను వాల్యూమ్ పెంచుతాడు, గిటారిస్టు తనదీ పెంచుతాడు, చివరికి పాడేవాడి గొంతు పోతుంది.

విరుగుడు వాల్యూమ్‌లో లేదు. 400 నుంచి 800 హెర్ట్జ్ మధ్య కొంచెం పెంచాలి. ఒంటరిగా వింటే ముక్కుతో పాడినట్టు మొరటుగా ఉంటుంది. బ్యాండులో ప్రతి స్వరం ఆకారంతో వినబడుతుంది.

7. అనుక్తం. కవి చెప్పనివి ఇంకా మూడు. ఒకటి: చాలా పెడళ్లు 9 వోల్టులవి, నడిమి పిన్ను నెగటివ్. ఒకే అడాప్టరుకు అన్నిటినీ గొలుసుగా తగిలిస్తే పాటకు ముందే హమ్మింగ్ మొదలుకావచ్చు. విడివిడి అవుట్‌పుట్లున్న పవర్ సప్లై మేలు. రెండు: ఏ పెడల్ తొక్కినా, తీసినా బిగ్గరతనం ఒకేలా ఉండాలి. లేకపోతే బిగ్గరగా ఉన్నదే బాగున్నట్టు చెవి మోసపోతుంది. మూడు: వరస చివర డీఐ బాక్స్ ఉండాలి. వేదిక మీద యాంప్ ఎలా మోగినా, జనానికి చేరేది దాని నుంచి మిక్సరుకు వెళ్లిన శబ్దమే.

ఫలశ్రుతి

ఈ పద్యాన్ని ఇంట్లో అద్దం ముందు చదివినవారికి బోర్డు నిండా పెడళ్లు లభిస్తాయి. డ్రమ్మరును ఎదురుగా కూర్చోబెట్టుకొని చదివినవారికి ట్యూనర్, కంప్రెసర్, ఒక ఓవర్‌డ్రైవ్ చాలని తెలుస్తుంది. కనుక పాఠకులారా, కొత్త పెడల్ కొనే ముందు ఒక్క రిహార్సల్ చేయండి. ఏది లేక పాట ఆగిందో అది మాత్రమే కొనండి.