పన్ను పీకించుకున్నాక మా ఊరు చెప్పిన సలహాలు

కింది దవడ జ్ఞానదంతం అడ్డం తిరిగి ముందు పన్నును తోస్తుంటే, మొన్న కనుమ పోయిన నాలుగో రోజు నంద్యాలలో తీయించుకున్నాను. అదను చూసుకోవడంలోనే పొరపాటు చేశాను. కనుమ నుంచి దాదాపు 40 రోజులు అహోబిలం నరసింహస్వామి పార్వేటకు బయల్దేరి పల్లెలు తిరుగుతాడు. మా ఆళ్లగడ్డ చుట్టూ ఏ ఇంట్లో చూసినా చుట్టాలే. చెంప ఉబ్బి ఇంటికొచ్చినవాణ్ణి చూసి ఊరుకోవడానికి ఎవరికి మనసొప్పుతుంది? అందరూ ప్రేమతోనే చెప్పారు, చెప్పినవాటిలో చాలావరకు చేశాను. మూడో రోజు రాత్రి చెవిదాకా గుంజే నొప్పితో గోడకు తల ఆనించుకుని తెల్లవార్లూ కూర్చున్నాను. ఆ సలహాలే ఇక్కడ రాస్తున్నాను. మీ ఇంట్లో వినబడితే గుర్తుపట్టండి.

మొదటిది అవ్వ ఫోన్లో చెప్పింది. "నెత్తురు మింగొద్దురా, వాంతికొస్తాది. ఉమ్మెయ్." నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు సుమారు 40 కిలోమీటర్లు. దారిలో శిరివెళ్ల దాటేలోపు బస్సు కిటికీలోంచి ఎన్నిసార్లు ఉమ్మానో నాకే తెలియదు. పన్ను తీసిన గుంటలో నెత్తురు గడ్డకట్టి అడుగునున్న ఎముకను, నరాల కొసలను కప్పుకుంటుంది. కొత్త కండ పుట్టేది ఆ గడ్డలోంచే. ఉమ్మే ప్రతిసారీ నోట్లో పుట్టే గుంజుడుకు అది కదులుతుంది. ఎర్రగా కనిపించేదంతా నెత్తురు కాదు. ఎక్కువ ఎంగిలే, అందులో చుక్క నెత్తురు కలిసినా ఎర్రబడుతుంది. దాన్ని మెల్లగా మింగేయాలి. డాక్టరు కొరికి పట్టుకోమన్న గుడ్డమడతను మాటిమాటికీ తీసి చూసుకోమన్నవాళ్లూ ఉన్నారు. 30 నుంచి 45 నిమిషాలు కదపకుండా అదిమి ఉంచితేనే నెత్తురు ఆగుతుంది.

"బోండాం తాగు, చలవ." ఇది బస్టాండు దగ్గర తోడొచ్చిన చిన్నాయన మాట. కొబ్బరినీళ్లు మంచివే. చెడు చేసేది అందులో వేసిచ్చే స్ట్రా. దాన్ని పీల్చినా ఉమ్మినట్టే, లోపలి గడ్డ పైకి లేస్తుంది. గ్లాసులో పోయించుకుని తాగితే ఏ బాధా లేదు. కనీసం వారం రోజులు స్ట్రా ముట్టుకోవద్దు.

ఇంటికి రాగానే పెద్దమ్మ వేడి ఉప్పునీళ్లు సిద్ధంగా పెట్టింది. గడగడ పుక్కిలించమంది, పుక్కిలించాను. ఉప్పునీళ్లు అవసరమే, కానీ 24 గంటలు గడిచాక. అప్పుడు కూడా గోరువెచ్చని నీళ్లు నోట్లో పోసుకుని, తల అటూ ఇటూ వంచి, ఉమ్మకుండా వాటంతటవే జారిపోనివ్వాలి. ఉప్పుమూట కాపడం కూడా అంతే. మొదటి రోజు చెంపకు కావలసింది చలవ. గుడ్డలో చుట్టిన ఐసు 15, 20 నిమిషాలు పెట్టడం, తీయడం, మళ్లీ పెట్టడం. వాపు రెండో రోజు, మూడో రోజు పెరుగుతుంది, దానికి కంగారుపడొద్దు. వెచ్చని కాపడం రెండు రోజుల తర్వాత.

తిండి దగ్గర జరిగినదానికి నాకు ఇప్పటికీ బాధగా ఉంది. "పప్పు తింటే చీము పడుతుంది" అని మా వైపు కోతపడినవాడికి పప్పు పెట్టరు. కాన్పు అయిన ఆడపిల్లకు కూడా ఇదే మాట చెప్పి కడుపు మాడుస్తారు. చీము పట్టేది క్రిములవల్ల. పప్పులో ఉన్నది గాయం మానడానికి ఒంటికి కావలసిన మాంసకృత్తి. అలా పప్పు మాన్పించి, నీరసంగా ఉన్నాడని మర్నాడు పొద్దున ఉగ్గాని, బజ్జీ పెట్టారు. ఉగ్గాని మీద చల్లిన పప్పుల పొడి, మెత్తబడని బొరుగుల ముక్కలు నేరుగా గుంటలోకి పోయాయి. అవి తీయాలని నాలుకతో, తర్వాత పుల్లతో గెలికాను. పండగ నిప్పట్లు కూడా ఇంకో పక్క నమలొచ్చు అన్నారు. ఇంకో పక్క నమిలినా పలుకులు ఇటే వచ్చాయి.

మన ఇళ్లలో ఇందుకు రాగిసంగటిని మించింది లేదు. దాన్ని నమలం, మింగుతాం. బాగా చల్లారనిచ్చి, కారం లేని పలుచని పప్పులో కలిపి పెట్టండి. బుడ్డల చట్నీ వద్దు. మజ్జిగన్నం మెత్తగా పిసికి పెట్టొచ్చు, అరటిపండు పెట్టొచ్చు. పెదవి మొద్దుబారి ఉన్నంతసేపు మాత్రం ఏదీ పెట్టొద్దు. ఆ సమయంలో బుగ్గ కొరుక్కున్నా తెలియదు.

"లవంగనూనె దూదితో గుంటలో అద్దు." పచ్చి పుండు మీద ఆ నూనె కండను కాలుస్తుంది. చిగురు మీద ఆస్ప్రిన్ మాత్ర నలిపి పెట్టడం కూడా కాల్చేదే. పైగా ఆస్ప్రిన్ నెత్తురు గడ్డకట్టకుండా చేస్తుంది. బీడీ రెండు దమ్ములు లాగితే నొప్పి మరుస్తావన్నవాడికి చేతులెత్తి మొక్కుతున్నాను, ఇంకెవరికీ చెప్పొద్దు. పొగాకు గాయానికి నెత్తురు సరిగా అందనివ్వదు. బ్రాందీ పుక్కిలించమనడం మరీ ప్రమాదం. పన్ను తీశాక తరచుగా రాసే మెట్రోనిడజోల్ మాత్ర మీద ఉన్నవాడు మందు ముట్టకూడదు. పై పన్ను పీకిస్తే చూపు పోతుందన్న భయం కూడా వదిలేయండి. పంటి నరం వేరు, చూపు నరం వేరు.

అన్నిటికన్నా నన్ను దెబ్బతీసింది "ఓర్చుకో, జ్ఞానదంతం అంటే అంతే" అన్న మాట. నొప్పి రోజురోజుకూ తగ్గుతూ రావాలి. తగ్గుతున్నది మూడో రోజో నాలుగో రోజో మళ్లీ ఎక్కువై, చెవికి పాకి, నోరు వాసనొస్తే గడ్డ ఊడి ఎముక బయటపడినట్టు. డ్రై సాకెట్ అంటారు. ఇది కింది దవడ జ్ఞానదంతానికే ఎక్కువ. ఇంట్లో ఓర్చుకుంటూ కూర్చోవద్దు.

తెల్లారి మొదటి బస్సుకు నంద్యాల వెళ్లాను. డాక్టరు గుంటను కడిగి మందు కూరారు. అందులో లవంగనూనె వాసనే వచ్చింది. లవంగంలోని నొప్పి తగ్గించే గుణమే, కొలత ప్రకారం తయారుచేసి, చూసి పెట్టేవారి చేతుల మీదుగా. తిరుగు బస్సు శిరివెళ్లకు వచ్చేసరికి నిద్రపట్టింది.

జ్వరమొచ్చినా, నోరు తెరుచుకోకపోయినా, వాపు గొంతు కిందికి దిగి మింగడానికి కష్టమైనా, గుడ్డ అదిమి పెట్టినా గంటకు నెత్తురు ఆగకపోయినా రాత్రీ పగలూ చూడొద్దు, వెళ్లండి. నొప్పి తగ్గిందని మిగిలిన యాంటీబయాటిక్ మాత్రలు డబ్బాలో దాచొద్దు.

మా అక్క కొడుక్కి వచ్చే నెల తీస్తారు. వాడి సంచిలో బోండాం కోసం ఒక స్టీలు గ్లాసు పెట్టాను. అవ్వ పక్కన కూర్చుని ఇదంతా చదివి వినిపించాను. పప్పు సంగతి ఇంకా ఒప్పుకోలేదు. వాడొచ్చే రోజు సంగటి తనే కెలికి, చల్లారబెట్టి ఉంచుతానంది.