అడిగేవాళ్లుండిరి

మా రోజుల్లో రేణిగుంట జంక్షన్‌లో దిగిన యాత్రికుడి చేతికి తిరుపతి బస్సు కంటే ముందు ఒక కరపత్రం అందేది. ఏదో గుడిలో పాము మనిషి రూపంలో పూజారికి కనబడి మాట్లాడిందట. ఆ కాగితం వెయ్యి అచ్చేసి పంచినాయనకు లాటరీ తగిలిందట, చించినాయన రక్తం కక్కుకుని చచ్చినాడట. ఊరి పేరుండదు, పూజారి పేరుండదు.

ఆ స్టేషన్లో మాతో పనిచేసిన గార్డు ఒకాయన దేవుణ్ణి నమ్మేవాడు కాదు. ఆ కాగితాన్ని టీ బంకు ముందు నిలబడి గట్టిగా చదివేవాడు. "ఏ ఊరప్పా ఇది? ఎవురు చూసినారు? చచ్చినాయన ఇంటిపేరేంది?" అని పంచేవాణ్ణే అడిగేవాడు. జవాబు రాకపోతే అక్కడే చించి పారేసి, మర్నాడు మామూలుగా డ్యూటీకి వచ్చేవాడు. నిలువునామం పెట్టే మా బుకింగ్ క్లార్కు ఆయనతో గంటలకొద్దీ వాదించి, చివరికి టీ డబ్బులు తానే ఇచ్చేవాడు. ఎవరి మనోభావాలూ దెబ్బతినలేదు.

"దేవుడి భయం లేనోడికి నీతేముంటుంది?" అని ఆ గార్డును అడగనివాళ్లు లేరు. ఒకసారి బెంచీ మీద ఎవరో మరిచిపోయిన ముడుపు మూటను ఆయనే తెచ్చి స్టేషన్ మాస్టరుకు అప్పగించినాడు. "పోగొట్టుకున్నోడు ఏడుస్తాడు కదా" అన్నాడు, అంతే. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టిన గోరా కూడా దేవుడు లేడని చెప్పి ఊరుకోలేదు. అంటరానితనం మీద కొట్లాడినాడు, 1948లో తన కూతురికి దళిత యువకుడితో సేవాగ్రాంలో పెళ్లి చేసినాడు. నీతికి భయం అక్కరలేదని వాళ్లను చూసి నేర్చుకున్నాం.

ఇప్పుడు ఆ కరపత్రమే వాట్సాప్‌లో వస్తోంది. పంపేది చదువురాని పల్లెజనం కాదు, ఇంజినీర్లు, టీచర్లు. "ఎక్కడ జరిగింది నాయనా?" అని అడిగితే, "మంచి మాటే కదా పెద్దాయనా, పంపితే పోయేదేముంది?" అంటారు.

పోయేది ఉంది. 2021 జనవరిలో మన మదనపల్లెలో ఎదిగిన ఆడబిడ్డలిద్దరు సొంత ఇంట్లోనే హతమయ్యారు. మళ్లీ బతికొస్తారన్న నమ్మకంతో కన్నవాళ్లే ఆ పని చేసినారని పోలీసులు చెప్పినారు. ఆ తల్లిదండ్రులిద్దరూ పిల్లలకు పాఠాలు చెప్పేవాళ్లే. ఆ వార్త చదివిన రోజు నాకు ముద్ద దిగలేదు. డిగ్రీలన్నీ ఉన్న ఇంట్లో "నీకెట్లా తెలుసు?" అని అడిగే గొంతు ఒక్కటి లేకపోయింది. మూఢనమ్మకాల పేరుతో జరిగే ఘోరాల మీద మహారాష్ట్ర 2013లో చట్టం తెచ్చింది, కర్ణాటక 2017లో తెచ్చింది. మనకేమైంది?

నీతి సంగతీ అంతే. తిరుమల దర్శనానికి పోయే కొందరిని చూడండి: మెడలో మాల, నుదుట బొట్టు, చేతిలో ఎమ్మెల్యే సిఫార్సు లెటరు. ముసలమ్మలు గంటలు గంటలు క్యూలో కూర్చుంటే, వీళ్లు వాళ్లను దాటుకుని ముందుకు పోయి దండం పెట్టుకుంటారు. ఇది తప్పని వాళ్ల మనసుకు తోచదు. నేను చెబితే, "అందరూ చేసేదే" అంటారు. మా బుకింగ్ క్లార్కు అంత భక్తుడు, ఆయనకు పైన తెలిసినవాళ్లూ ఉండిరి. అయినా ఏనాడూ లైను తప్పలేదు. భక్తిని తప్పు పట్టడం లేదు నేను. పక్కమనిషిని తోసేసే భక్తిని తప్పు పడుతున్నాను.

శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం పౌరుడి బాధ్యత అని 1976లో రాజ్యాంగంలోనే రాసుకున్నాం, 51ఎ అధికరణంలో. అది మన బళ్లలో పరీక్షకు బట్టీ పట్టే వాక్యంగా మిగిలింది. రేణిగుంటకు ఒకపక్క తిరుమల, ఇంకోపక్క శ్రీకాళహస్తి. గ్రహణం నాడు తిరుమలలో గుడి మూస్తారు, శ్రీకాళహస్తిలో తెరిచే ఉంచుతారు. ఎందుకట్లా అని ఏ పిల్లవాడికైనా అనుమానం రావాలి కదా! 2027 ఆగస్టు 2న సూర్యగ్రహణం మన దేశంలో పాక్షికంగా కనిపిస్తుంది. అయ్యవార్లూ, ఆ సాయంత్రం పిల్లల్ని గదుల్లో దాచొద్దు. గ్రహణం చూసే అద్దాలిచ్చి మైదానంలో నిలబెట్టండి. ఎవరైనా ఎందుకని అడిగితే కసరకుండా కూర్చోబెట్టి చెప్పండి.