లింకు పాతదే: ఒక సాయంత్రపు మెసేజీకి టీకా తాత్పర్యము

అవతారిక

కాళిదాసుకు మల్లినాథుడు దొరికాడు. ఆయన మన మెదక్ జిల్లా కొల్చారం వాడు. ఆధారం లేనిది రాయనని, అవసరం లేనిది చెప్పనని ముందే ఒట్టు పెట్టుకుని మరీ వ్యాఖ్యానానికి కూర్చున్నాడు. మా లా గ్రూపులో సార్ పెట్టే మెసేజీలకు అంతటి భాగ్యం లేదు. అందుకని నాచారంలో కాపురముంటూ, ఉప్పల్ పారిశ్రామికవాడలో స్టోర్స్ చూసుకుంటూ, నలభై నాలుగో ఏట మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలో చేరిన నేనే ఈ పనికి పూనుకున్నాను. ఆ ఒట్టులో మొదటి సగానికి కట్టుబడతాను. రెండో సగం కూడా పాటిస్తే వ్యాఖ్యాతకు పనేముంటుంది?

మూలము

“గుడ్ ఈవినింగ్ ఆల్. టుడే 7.30కి క్లాస్. లింక్ సేమ్. అందరూ మస్ట్ జాయిన్. కెమెరా ఆన్, మైక్ మ్యూట్. బేర్ యాక్ట్ దగ్గర పెట్టుకోండి.”

పాఠాంతరము

“7.30” అన్న చోట “7.45” అని పది నిమిషాల తరువాత వచ్చిన ప్రతిలో ఉంది. ఇది ప్రక్షిప్తం కాదు, సాక్షాత్తు గ్రంథకర్త చేతి రాతే. సార్ కోర్టు నుంచి ఇంకా ఇల్లు చేరలేదని భావము.

ప్రతిపదార్థము

గుడ్ ఈవినింగ్ ఆల్ = కావ్యం మొదట్లో ఆశీస్సో, నమస్కారమో, వస్తునిర్దేశమో ఉండాలని ఆలంకారికులు విధించారు. ఇక్కడ ఆశీస్సు ఉంది, “క్లాస్” అనే మాటతో వస్తునిర్దేశమూ కుదిరింది. నమస్కారం శిష్యుల వంతు. ఎనభై నలుగురమూ వరసగా చేతులు జోడించిన బొమ్మ పెడతాం. ఆ దండాల కింద మొన్నటి లింకు ఎక్కడో కూరుకుపోతుంది.

7.30కి = బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నిబంధనల ప్రకారం పూర్తిగా రెసిడెన్షియల్ కాని లా కాలేజీలో తరగతులు ఉదయం 8కీ రాత్రి 7కీ మధ్యనే జరగాలి. గ్రంథాలయం మాత్రం పది దాకా తెరిచి ఉంచుకోవచ్చు. కాబట్టి ఏడున్నర అంటే చట్టం తలుపు మూసుకున్నాక అరగంట. ఆ వేళకు అస్మదాదులు కాలేజీ ముగించుకుని మెట్రో నీలి లైనులో సికింద్రాబాద్ ఈస్ట్ దాటి, మెట్టుగూడ దగ్గర ఒక చేత్తో కడ్డీని, ఇంకో చేత్తో ఫోన్‌ని పట్టుకుని నిలబడి ఉంటారు. ఉప్పల్ స్టేడియంలో ఐపీఎల్ ఆట ఉన్న రాత్రి ఆ కడ్డీ కూడా దొరకదు.

లింక్ సేమ్ = క్రియ లేదు; “ఉన్నది” అని అధ్యాహారం చేసుకోవాలి. “ఎక్కడ ఉన్నది?” అని గ్రూపులో రోజూ ఒకరు అడుగుతారు. “పైన చూడండి” అని ఇంకొకరు జవాబిస్తారు. ఇది గురుశిష్య సంవాదంలో విడదీయరాని భాగము.

మస్ట్ = విధ్యర్థకము. చట్టంలో “షల్” అంటే తప్పనిసరి, “మే” అంటే ఐచ్ఛికం అని మొదటి సెమిస్టర్‌లో నేర్పారు. సందర్భాన్ని బట్టి కోర్టులు “షల్”ను “మే”గానూ, “మే”ను “షల్”గానూ చదువుతాయని రెండో సెమిస్టర్‌లో నేర్పారు. ఎనభై నలుగురిలో పాతికమంది చేరితే గొప్ప. తక్కినవారు రెండో సెమిస్టర్ పాఠం బాగా ఒంటబట్టినవారు.

కెమెరా ఆన్ = ఇది శ్లేష. న్యాయభాషలో “ఇన్ కెమెరా” అంటే బయటివారెవరూ లేకుండా గుట్టుగా సాగే విచారణ. లాటిన్‌లో ఆ మాటకు గది అని అర్థం. మా ఇంట్లో కెమెరా ఆన్ అంటే దీనికి సరిగ్గా విపర్యయం. ఆదివారం క్లాసులో నా వెనక పప్పు పోపు, ఆరేసిన బట్టలు, “ఏమండీ, గ్యాస్ కట్టేశారా?” అన్న ధర్మపత్ని గొంతు, అన్నీ బహిరంగ న్యాయస్థానంలో ప్రవేశపెట్టిన సాక్ష్యాలవుతాయి.

మైక్ మ్యూట్ = మౌనం. మౌనం అర్ధాంగీకారమని మన పెద్దలు. 1862లో ఇంగ్లండు కోర్టు ఆ సామెతను కొట్టేసింది. ఒకాయన, “నువ్వు బదులు చెప్పకపోతే ఆ గుర్రం నాదే అనుకుంటా” అని అన్న కొడుకో చెల్లెలి కొడుకో అయిన కుర్రాడికి ఉత్తరం రాశాడు. కుర్రాడు బదులివ్వలేదు. ఒప్పందం కుదరలేదు పొమ్మంది కోర్టు. కాంట్రాక్ట్స్‌లో అందరూ చదివే ఫెల్ట్‌హౌస్ కేసు ఇదే. దీన్ని నేను ఒకరోజు క్లాసులో పది నిమిషాల పాటు అద్భుతంగా వివరించాను. ఇంటర్ చదివే మా అమ్మాయి గుమ్మంలోంచి, “నాన్నా, మ్యూట్‌లో ఉన్నావు” అంది.

బేర్ యాక్ట్ = వ్యాఖ్యానం లేని శుద్ధ చట్టపాఠం; అంటే మూలం. దీని గురించి ముందు ముందు చెప్పాలి.

తాత్పర్యము

ఓ పగటి ఉద్యోగులారా! మీకు డిగ్రీ ఇచ్చేది ఈ క్లాసు కాదు. డిగ్రీ ఇచ్చే చోట మీకు పాఠం వినే తీరిక లేదు. కాబట్టి రాత్రి ఇక్కడికొచ్చి వినిపోండి అని సారాంశము.

విశేషములు

శంక: ఈ సాయంత్రపు ఆన్‌లైన్ క్లాసులతోనే ఎల్‌ఎల్‌బీ మొత్తం కానిచ్చేస్తే పోదా?

సమాధానము: పోదు. లాసెట్‌లో 120 ప్రశ్నలకు తొంభై నిమిషాల్లో జవాబులు గుర్తించి 42 మార్కులు తెచ్చుకున్నవాడు చేరేది “రెగ్యులర్” కోర్సులోనే. రెగ్యులర్ అంటే ఏమిటో నిబంధనలే నిర్వచించాయి: రోజుకు ఐదు గంటలు ఏకధాటిగా, పైన అరగంట విరామం, వారానికి ముప్పై గంటలకు తగ్గకుండా. ఒక్కో సబ్జెక్టులో 70 శాతం హాజరు ఉండాలి. అసాధారణ కారణం చూపితే 65 దాకా దయ. నేను ఉదయం ఆరు నుంచి రెండు దాకా షిఫ్టు చేసి, ఉప్పల్ రింగ్ రోడ్డు స్కైవాక్ ఎక్కి, మెట్రోలో నగరం ఆ చివరికి చేరేసరికి మొదటి పీరియడ్ తరచూ అయిపోయే ఉంటుంది. ఆ ఒక్క సబ్జెక్టులో నా హాజరు 66. దయాపరిధిలో ఉన్నానని అర్థము.

పైగా 2024 సెప్టెంబరులో బార్ కౌన్సిల్ కొత్త ఉత్తర్వు పంపింది. వేలిముద్ర హాజరు, సీసీ కెమెరాలు, ఉద్యోగం ఉంటే దాచకుండా చెప్పి యజమాని దగ్గర ఎన్‌ఓసీ తేవడం. మా మేనేజర్ గారు సంతకం పెడుతూ, “లా చదివి మన మీదే కేసు వెయ్యవు కదా?” అన్నారు. ఈ వాక్యానికి టీక అక్కర్లేదు.

శంక: దూరవిద్యలో లా చదివినవారు లోకంలోనే లేరా?

సమాధానము: ఉన్నారు. 1943లో విట్‌వాటర్స్‌రాండ్‌లో లా మొదలుపెట్టిన నెల్సన్ మండేలా, 1989లో ఖైదులో ఉండగా దక్షిణాఫ్రికా విశ్వవిద్యాలయం నుంచి దూరవిద్యలో ఎల్‌ఎల్‌బీ పూర్తిచేశారు. నలభై ఆరేళ్లు పట్టింది. 2018లో మొదలై ఏళ్ల తరబడి స్తంభాలుగానే నిలబడిన ఉప్పల్–నారపల్లి పైవంతెన కింద నుంచి వెళ్లేటప్పుడు నాకు ఆయనే గుర్తొచ్చి ధైర్యం కలుగుతుంది.

శంక: ఇంత పడి పట్టా తెచ్చుకుంటే ఉద్యోగం, వకాలతు రెండూ చేసుకోవచ్చు కదా?

సమాధానము: అదీ కుదరదు. పూర్తికాలపు జీతగాడు వకీలుగా ప్రాక్టీసు చేయరాదని బార్ కౌన్సిల్ 49వ నియమం. నల్లకోటు తొడుక్కోవాలంటే ఐడీ కార్డు తీసేయాలి. మా ఇంట్లో ఈ నియమాన్ని ఇంకా చదివి వినిపించలేదు.

శంక: చదివిన సెక్షన్లయినా నిలుస్తాయా?

సమాధానము: నిలవవు. 2024 జూలై 1న 511 సెక్షన్ల ఐపీసీ పోయి 358 సెక్షన్ల భారతీయ న్యాయ సంహిత వచ్చింది. 302 పోయి 103 అయింది. 420 పోయి 318లో నాలుగో ఉపసెక్షన్ అయింది. అయినా ఉప్పల్ బస్టాండులో ఎవరూ ఎవరినీ “మూడొందల పద్దెనిమిది గాడు” అని తిట్టడం నేను వినలేదు. భాషకు సవరణ చట్టం వర్తించదు. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు పాత చట్టమే కాబట్టి విద్యార్థికి రెండూ కంఠస్థం కావాలి.

శంక: అసలు చట్టానికి వ్యాఖ్యానం గొప్పా, మూలం గొప్పా?

సమాధానము: యాజ్ఞవల్క్య స్మృతికి కల్యాణి చాళుక్యుల కాలంలో విజ్ఞానేశ్వరుడు ఒక టీక రాశాడు. దాని పేరు మితాక్షర, అంటే కొద్ది అక్షరాలది. మూలం కంటే ఎన్నో రెట్లు పెద్దది! ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కొడుక్కి పుట్టుకతోనే హక్కు అని కోర్టులు శతాబ్దాల తరువాత తీర్పులు చెప్పింది ఆ టీకను పట్టుకునే. దాన్నే పదమూడో శతాబ్దంలో కేతన “విజ్ఞానేశ్వరీయము”గా తెలుగు పద్యాల్లో పెట్టాడు. అంటే తెలుగువాడు లా చదవడం టీకతోనే మొదలుపెట్టాడు. కానీ నేటి అఖిల భారత బార్ పరీక్షలో విధి తిరగబడింది. బేర్ యాక్ట్ తీసుకెళ్లొచ్చు, అందులో నోట్స్ గాని వ్యాఖ్య గాని ఉండరాదు. మార్జిన్లు శుభ్రంగా ఉండాలి. అందుకే కొన్ననాటి నుంచి నా పుస్తకం మీద పెన్సిల్ గీత కూడా పడనివ్వలేదు.

ఫలశ్రుతి

మొన్న గురువారం హబ్సిగూడ స్టేషన్‌లో దిగి నాచారం షేర్ ఆటో ఎక్కాను. ఇయర్‌ఫోన్ చార్జింగ్ అయిపోయింది. ఫోన్ గట్టిగానే పెట్టాను. సార్ 318 చెబుతున్నారు. మొదటి నుంచే ముంచే ఉద్దేశం ఉంటేనే చీటింగ్, తీసుకున్నాక ఇవ్వలేకపోతే అది ఉత్త బాకీ, సివిల్ కోర్టుకు పొమ్మంటారు అని. డ్రైవర్ అద్దంలోంచి చూశాడు.

“అన్నా, గా సార్‌ను ఒక ముచ్చట అడుగుతవా? చీటీ ఎత్తుకుందామంటే మావోడు ఆర్నెల్ల సంది తిప్పుతుండు. పైసలు ఎగ్గొట్టిండు.”

గ్రూపు ధర్మాన్ని ఉల్లంఘించి మ్యూట్ తీశాను. సార్ కాసేపు ఆగి, “ఆ చీటీ రిజిస్టర్ అయిందేనా? అయితే 1982 చీటీల చట్టం కింద రిజిస్ట్రార్ దగ్గరికే వెళ్లాలి. కాకపోతే అలాంటి చీటీ నడపడమే నేరం. కాగితం ఏదైనా ఉందా?” అన్నారు.

“కాగితమేం లేదు సార్. మాట మీదనే.”

“మాట చెల్లుతుంది బాబూ. రుజువే కావాలి. డబ్బు ఇచ్చినప్పుడు పక్కన ఎవరెవరున్నారు?”

నాచారం చౌరస్తాలో ఆటో ఆగింది. వెనక సీట్లో ఇద్దరూ దిగిపోయారు. ఆయన ఇంజన్ కట్టేసి, ఒక్కో వేలూ మడుస్తూ పేర్లు చెప్పసాగాడు. రాసుకోవడానికి నా దగ్గర బేర్ యాక్ట్ తప్ప ఇంకో కాగితం లేదు. 318వ సెక్షన్ పక్కన మార్జిన్‌లో ఐదు పేర్లు రాశాను. పరీక్ష హాల్లోకి ఇక ఈ పుస్తకాన్ని రానివ్వరు.