మొండి పొట్టకు చెమట పట్టీ

విసుగుకున్న గిరాకీ బంగారానికి కూడా లేదు. నమ్మకపోతే బరువు తగ్గుతున్నవాళ్లను అడగండి. నెలల తరబడి అన్నం తగ్గించి, తీపి మానేసి, చీకటితో లేచి నడిచి ఎలాగో ఎనిమిది కిలోలు దించుకుంటారు. బుగ్గలు పీక్కుపోతాయి, వేలి ఉంగరం వదులవుతుంది. చుట్టాలు "అలా అయిపోయావేంట్రా, షుగర్ గానీ వచ్చిందా?" అని జాలిపడతారు. ఇంతా చేసి అద్దం ముందు పక్కకి తిరిగి నిలబడితే పొట్ట మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. అప్పుడు పుట్టే ఉసూరుమనే నిట్టూర్పు కోసమే ఒక వ్యాపారం కాచుక్కూర్చుంది. "మొండి కొవ్వుకు చెక్! 7 రోజుల్లో పొట్ట మాయం!" అంటూ ఫోన్‌లో ప్రత్యక్షమవుతుంది. కొవ్వు కరగడానికి ఏడాది పట్టొచ్చు, ప్రకటన రావడానికి మాత్రం నిమిషం చాలు.

మొండివాడు రాజుకన్నా బలవంతుడని సామెత. అంతటి బలవంతుణ్ణి 499 రూపాయలకు, డెలివరీ చార్జీలు అదనంగా, లొంగదీస్తామంటున్నారంటే ఆ వీరుల ఆయుధాలేమిటో చూడాల్సిందే.

మొదటి ఆయుధం చెమట పట్టీ. పొద్దున ఆరింటికి ఏ కాలనీ పార్కుకు వెళ్లినా దీని వైభవం కనిపిస్తుంది. యాభై దాటిన ఓ పెద్దమనిషి నాలుగు చుట్లు తిరిగొచ్చి బెంచీ మీద కూలబడతాడు. టీషర్టు పైకెత్తి, నడుముకు బిగించిన నల్ల రబ్బరు పట్టీని చర్రుమని ఊడదీస్తాడు. కింద పొట్ట ఎర్రగా కందిపోయి, పట్టీ అంచుల అచ్చు పడి ఉంటుంది. పట్టీని నిలువుగా పట్టుకుంటే కొస నుంచి చెమట బొట్లుబొట్లుగా కారుతుంది. దాన్ని పక్కనున్న మిత్రుడికి గర్వంగా చూపించి, "చూశారా సార్, కొవ్వు ఎట్లా కరిగి కారుతోందో!" అంటాడు. మిత్రుడు భక్తిగా తలూపి, అదెక్కడ దొరుకుతుందో లింకు పంపమంటాడు.

చెమటంటే నీళ్లు, కాస్త ఉప్పు. అందులో కరిగిన కొవ్వు కారదు. చెమటతోనే కొవ్వు పోయేటట్టయితే మే నెల ముగిసేసరికి రెంటచింతలలో, రామగుండంలో బొజ్జ అన్నది పురావస్తు శాఖవారి పరిధిలోకి వెళ్లిపోయి ఉండాలి. పట్టీ విప్పాక తూకం అరకిలో తగ్గినట్టు చూపించే మాట నిజమే. పార్కు గేటు దగ్గర సీసాడు నీళ్లు తాగగానే ఆ అరకిలో తిరిగొచ్చేమాటా నిజమే. "ఇంత కష్టపడ్డాం కదా" అంటూ ఆ పక్కన బండి దగ్గర అల్లం చట్నీతో లాగించే ఉప్మా పెసరట్టు ఈ లెక్కలో చేరదు. అది ప్రోత్సాహక బహుమతి.

మరి కొవ్వు ఎటు పోతుంది? ఈ ప్రశ్నకు రూబెన్ మీర్మన్, ఆండ్రూ బ్రౌన్ అనే ఇద్దరు ఆస్ట్రేలియా పరిశోధకులు 2014 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో లెక్కకట్టి జవాబిచ్చారు. 10 కిలోల కొవ్వు ఖర్చయితే అందులో 8.4 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా మారి ఊపిరితో బయటికి పోతుంది. మిగిలిన 1.6 కిలోలు నీరవుతుంది. అంటే మన బొజ్జ పోయే రాజమార్గం ముక్కు! ఈ సంగతి పట్టీల కంపెనీలకు ఇంకా తెలిసినట్టు లేదు. తెలిస్తే రేపే ముక్కుకు తగిలించే క్లిప్పులు వస్తాయి, ఎల్లుండి వాటికి 50 శాతం డిస్కౌంటు వస్తుంది. ముందే చెబుతున్నా, ఊరికే కూర్చుని గబగబా ఊపిరి పీల్చి వదిలితే కొవ్వు పోదు, కళ్లు తిరుగుతాయి. ఒళ్లు పనిచేసి ఇంధనం అడిగితేనే కొవ్వు కాలుతుంది, కాలినదే ఊపిరిగా వెళ్తుంది.

రెండో ఆయుధం వంటింటిది. తరతరాలుగా పెళ్లిపీటల మీద బెల్లంతో బుద్ధిగా కాపురం చేసుకుంటున్న జీలకర్రను పట్టుకొచ్చి, రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పొద్దున్నే పొట్ట కరిగించే ఉద్యోగంలో వేశారు. మెంతులకు ఓవర్‌టైము, దాల్చినచెక్కకు నైట్ డ్యూటీ. గోరువెచ్చటి నీళ్లలో నిమ్మరసం పిండి తేనె కలుపుకుని కళ్లు మూసుకుని తాగేవాళ్లకైతే లెక్కే లేదు. పెద్ద చెంచాడు తేనెలో 60 కేలరీలకు పైనే ఉంటాయి. కాఫీలో చక్కెర మానేశానని ఊరంతా చాటి, దాన్ని పసుపుపచ్చ రంగులో తిరిగి తాగడమే ఈ వ్రతం. జీలకర్ర నీళ్లతో నష్టమేమీ లేదు, చక్కెర టీకి బదులుగా తాగితే లాభమే. ఆ లాభం టీ మానినందుకు వచ్చింది. పేరు మాత్రం జీలకర్రకు. సొమ్మొకడిది, సోకొకడిది.

ఈ సోకు పరాకాష్ఠను చూడాలంటే పొట్ట తగ్గిస్తుందనే పొడి డబ్బాను చేతిలోకి తీసుకుని అట్టను తిప్పండి. ముందువైపు పెద్ద అక్షరాల్లో "బెల్లీ ఫ్యాట్ బర్నర్" అని ఉంటుంది. దాని నెత్తిన చీమ తలకాయంత నక్షత్రం గుర్తు. ఆ నక్షత్రాన్ని వెతుక్కుంటూ డబ్బా అడుగుకు వెళ్తే, భూతద్దం పెడితే గానీ కనపడని అక్షరాల్లో "సమతుల ఆహారం, క్రమం తప్పని వ్యాయామంతో పాటు వాడవలెను. ఫలితాలు వ్యక్తిని బట్టి మారవచ్చును" అన్న తరహా మాట దొరుకుతుంది. సమతుల ఆహారం తిని, క్రమం తప్పకుండా వ్యాయామం చేసేవాడు ఆ పొడి బదులు విభూతి నోట్లో వేసుకున్నా తగ్గుతాడు. డబ్బా వాడు ఆ మాట రాయడు, రాస్తే విభూతి అమ్ముకోవాల్సి వస్తుంది.

మూడో ఆయుధం కాస్త శాస్త్రీయంగా కనిపిస్తుంది. "పొట్ట తగ్గాలంటే పొట్టకే వ్యాయామం చెయ్యాలి" అన్న సూత్రం. వినడానికి ఎంత న్యాయంగా ఉంది! ఆ లెక్కన రోజంతా కిళ్లీ నమిలేవాడి బుగ్గలు లోతుకుపోవాలి, టీవీ చర్చల్లో దవడలు అరగదీసే నాయకుల్లో ఒక్కరికైనా జంట గడ్డం ఉండకూడదు. ఈ సూత్రాన్ని పరీక్షించినవాళ్లూ ఉన్నారు. 1971లో కాలిఫోర్నియాలో టెన్నిస్ ఆటగాళ్ల రెండు చేతులూ కొలిచారు. ఏళ్ల తరబడి రాకెట్ తిప్పిన చేతికి కండ ఎక్కువుంది. చర్మం కింద కొవ్వు మందం మాత్రం రెండు చేతుల్లోనూ ఒకలాగే ఉంది. 1984లో ఇంకో పరిశోధనలో కొందరు మగవాళ్లచేత 27 రోజుల్లో ఒక్కొక్కరితో 5,004 సిట్-అప్స్ చేయించారు. ఆ నాలుగు కూడా వదలకుండా లెక్కపెట్టారు. ముందూ తర్వాతా పొట్ట దగ్గర, వీపు దగ్గర, పిరుదుల దగ్గర కొవ్వు కణాలు సూదితో తీసి కొలిస్తే, మూడుచోట్లా ఒకే తీరున చిక్కాయి. పొట్టకు ప్రత్యేక రాయితీ ఏమీ దక్కలేదు.

కారణం తేలిక. పొట్ట కండ తన మీదున్న కొవ్వును గీక్కుని తినదు. ఒంట్లో ఎక్కడి కొవ్వైనా ముందు రక్తంలో కలవాలి, అక్కడినుంచి అవసరమున్న కండకు చేరాలి. ఏ నిల్వను ముందు ఖాళీ చెయ్యాలో వంశం, హార్మోన్లు, వయసు, ఆడా మగా తేడా కలిసి తేలుస్తాయి. మన సంతకం అక్కడ చెల్లదు. సిట్-అప్స్ చేస్తే కడుపు కండ గట్టిపడుతుంది, మంచిదే. కొవ్వు దుప్పటి కింద ఆ కండ ఎవరికీ కనపడకుండా గట్టిపడుతుంది, అంతే.

ఆ కష్టం కూడా లేకుండా, సోఫాలో కూర్చుని కరెంటు షాకులతో పొట్ట కరిగిస్తామన్న బెల్టులూ వచ్చాయి. ఏబ్‌ట్రానిక్, ఏబ్ ఎనర్జైజర్, ఫాస్ట్ ఆబ్స్ అనే మూడు బెల్టుల ప్రకటనల మీద 2002లోనే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసులు పెట్టింది. అక్కడ కోర్టు మెట్లెక్కిన సరుకు తమ్ముళ్లు ఇక్కడ కొత్త పేర్లతో పండగ ఆఫర్లలో దర్శనమిస్తూనే ఉన్నారు.

మన దగ్గర చట్టం లేదా అంటే, దివ్యంగా ఉంది. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ఫలానా జబ్బులను నయం చేస్తామని మందుల ప్రకటనలు ఇవ్వకూడదంటూ ఒక జాబితా ఇచ్చింది. అందులో ఊబకాయం కూడా ఉంది. మాయ మందుల కింద తాయెత్తు, మంత్రం, కవచం కూడా వస్తాయని ఆ చట్టం ముందుచూపుతో రాసుకుంది. మొదటి తప్పుకు ఆరు నెలల దాకా జైలు. అయినా ఇన్ని ప్రకటనలు ఎలా వస్తున్నాయంటారా? "అబ్బే, ఇది మందు కాదండీ, ఆహారం. ఊబకాయం అనలేదండీ, బెల్లీ ఫ్యాట్ అన్నాం." పాము చావదు, కర్ర విరగదు, పొట్ట తగ్గదు.

ఇక ఈ తతంగంలో అందరికన్నా ఎక్కువ మాటలు పడేది ఆడవాళ్లు. కాన్పయి రెండేళ్లయినా పెళ్లిపందిట్లో ఒక పెద్దమ్మ తగులుతుంది. పొట్ట వంక ఒక చూపు చూసి, "ఏమ్మా, మళ్లీ విశేషమా?" అంటుంది. ఆ పిల్ల ఇంటికెళ్లి రాత్రికి రాత్రి బెల్టు ఆర్డర్ పెడుతుంది. కాన్పు తర్వాత కొందరికి పొట్ట మధ్య కండరాలు రెండుగా విడివడి, ఆ ఖాళీ వల్ల కడుపు ముందుకు పొడుచుకొస్తుంది. అలాంటప్పుడు కొవ్వును తిట్టి లాభం లేదు. ఎలాపడితే అలా సిట్-అప్స్ చేస్తే అది ఇంకా ఇబ్బంది పెట్టొచ్చు. అక్కడ చూడాల్సింది డాక్టరు, ఫిజియోథెరపిస్టు. పెద్దమ్మకూ, ప్రకటనకూ అందులో పాత్ర లేదు.

పొట్టను పట్టించుకోవద్దని మాత్రం నేననను. మన జాతికి అదో ప్రత్యేకమైన బెడద. 2004లో లాన్సెట్ పత్రికలో ఇద్దరు డాక్టర్ల ఫొటో అచ్చయింది, ఒకరు పుణెకు చెందిన యాజ్ఞిక్, మరొకరు లండన్‌కు చెందిన యుడ్కిన్. ఎత్తుకు తగ్గ బరువును చూపే బీఎంఐ ఇద్దరికీ 22.3. ఒంట్లో కొవ్వు చూస్తే యుడ్కిన్‌కు 9.1 శాతం, మన యాజ్ఞిక్‌కు 21.2 శాతం. కాళ్లూ చేతులూ పుల్లల్లా ఉండి లోలోపల కొవ్వు దాచుకోవడం మనకు అబ్బిన విద్య. అందుకే భారతీయ మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటిన నడుమును డాక్టర్లు హెచ్చరికగా చూస్తారు.

ఇక్కడే విసిగిపోయినవాళ్లకు ఒక మంచి కబురుంది. పొట్టలో కొవ్వు రెండు రకాలు. పేగుల చుట్టూ, కాలేయం దగ్గర పేరుకునేది ఒకటి. షుగరుకూ గుండెజబ్బుకూ దారి తీయడంలో ముందుండేది అదే. చర్మం కింద వేళ్లతో పట్టుకుంటే దొరికేది రెండోది. బరువు తగ్గడం మొదలుపెట్టగానే లోపలి కొవ్వు త్వరగానే మాట వింటుంది. చర్మం కింద, ముఖ్యంగా బొడ్డు కింద ఉన్నది బాగా వెనకబడి వస్తుంది. అంటే అద్దం ముందు మీరు ఏడుస్తున్న రోజుల్లోనే లోపల అసలు పని నడుస్తోందన్నమాట. అద్దానికి లివరు కనపడదు, దాని అభిప్రాయానికి అంత విలువెందుకు?

మన అసలు గొడవ కంచంలో ఉంది. పప్పులోకి ఒక వాయి, కూరలోకి ఒక వాయి, సాంబారులోకి, చారులోకి, చివర పెరుగులోకి. వంటకాలు ఐదు మారినా అన్నం మారదు. రాత్రికి "లైట్‌గా" అంటూ మూడు చపాతీలు, వాటి వెనకాల మళ్లీ పెరుగన్నం. ఈ కంచాన్ని సరిచేయమని చెప్పే సంస్థ ఎక్కడో లేదు, మన హైదరాబాద్ తార్నాకలోనే ఉంది. జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కేలరీల్లో తిండిగింజల వాటా 45 శాతం దాటొద్దని చెప్పింది. పప్పులు, కూరగాయలు, గుడ్లు, పాలు పెంచమంది. ఆ పుస్తకం ఉచితం. ఉచితం కాబట్టే ఎవరూ చదవరు. దానికీ 499 రూపాయలు ధర పెట్టి, "మొదటి వందమందికే" అని ముద్రించి ఉంటే ఈపాటికి కొట్టుకుపోయేది.

కాబట్టి విసిగిపోయిన మిత్రులారా, రోజూ తూకం ఎక్కడం మానండి. నెలకోసారి, పొద్దున్నే, ఊపిరి మామూలుగా వదిలాక, కింది పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్య టేపు చుట్టి కొలవండి. బరువు ఆగినా టేపు కదులుతుంటే మీ దారి సరైందే. టేపూ ఆగితే అన్నం, మద్యం, నిద్ర, ఈ మూడింటి లెక్క చూసుకోండి. తగ్గిన ఒంటికి తిండి అవసరమూ తగ్గుతుంది, పాత కంచం దానికి ఎక్కువే. నడకతోపాటు కాస్త బరువులెత్తండి. బరువు పెరగకుండా పొట్ట ఒక్కటే ఉబ్బుతుంటే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఇక "7 రోజుల్లో మాయం" అన్న ప్రకటన ఈసారి ఎదురైతే కొనకండి, కోప్పడకండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వండి. మీ పొట్ట తగ్గేలోపు కనీసం వాళ్ల పొట్టయినా తగ్గుతుంది.