వాళ్లది సూదిమందు, మనది చెమట

2024 అక్టోబరు 13న షికాగో మారథాన్‌ను కెన్యా మహిళ రూత్ చెప్‌న్‌గెటిచ్ 2 గంటల 9 నిమిషాల 56 సెకన్లలో ముగించింది. 2 గంటల 10 నిమిషాల లోపు పరిగెత్తిన మహిళ అంతకుముందు లేదు. పాత రికార్డులోంచి ఒక్క దెబ్బకు దాదాపు రెండు నిమిషాలు ఎగిరిపోయాయి. విలేకరుల సమావేశంలో ఒక అమెరికన్ విలేకరి లేచి, ఇంత గొప్ప టైమింగ్‌ను కొందరు నమ్మరేమో, వాళ్లకేం చెబుతారని అడిగాడు. క్రీడాలోకం వెంటనే రెండుగా చీలింది. శాస్త్రం తెలిసినవాళ్లు ఒకవైపు, తెలియనివాళ్లు మరోవైపు చేరి ఉంటే బాగుండేది. చీలిక పాస్‌పోర్టుల వారీగా జరిగింది. కెన్యాలో చాలామందికి ఆ ప్రశ్న దేశం మీద దాడి, పడమటి దేశాల్లో చాలామందికి అది విలేకరి ధర్మం. పాస్‌పోర్టు చూసి అనుమానించే ఈ విద్యకు ఇంకా పేరు పెట్టలేదు గానీ సూత్రాలు అందరికీ కంఠతా వచ్చు. మనవాళ్లు గెలిస్తే అది సాధన, క్రమశిక్షణ, కొండగాలి. అవతలివాళ్లు గెలిస్తే డాక్టరు, ల్యాబు, సూది. మనవాళ్లు ఓడిపోతే నిజాయతీకి బలైపోయారు, అవతలివాళ్లు ఓడిపోతే ఈసారి మందు పనిచెయ్యలేదు.

దేశాభిమానం లోతు తెలియాలంటే అనుమానం వచ్చినప్పుడు చెప్పే సంజాయిషీలు చూడాలి. 1993 సెప్టెంబరులో బీజింగ్ జాతీయ క్రీడల్లో చైనా రన్నర్ వాంగ్ జున్‌షియా 10,000 మీటర్లను 29 నిమిషాల 31.78 సెకన్లలో పరిగెత్తి, నార్వే రన్నర్ ఇంగ్రిడ్ క్రిస్టియన్‌సెన్ పేర ఏడేళ్లుగా ఉన్న రికార్డును 42 సెకన్లు తగ్గించింది. నాలుగైదు సెకన్లు తగ్గితేనే పతాక శీర్షికలు పెట్టే పోటీ అది. కోచ్ మా జున్‌రెన్‌ను రహస్యమేమిటని అడిగితే తాబేలు రక్తం, గొంగళిపురుగు ఒంట్లోంచి మొలిచే ఒక బూజు అన్నాడు. వేగం కోసం తాబేలును ఆశ్రయించాలన్న ఆలోచన, కుందేలు కథ విన్న పిల్లలెవరికీ వచ్చి ఉండదు. ఫిన్లాండ్‌కు చెందిన లాసె విరెన్ 1972లోనూ 1976లోనూ 5,000, 10,000 మీటర్ల ఒలింపిక్ స్వర్ణాలు రెండేసి పట్టుకుపోయాడు. రక్తం ఎక్కించుకున్నాడన్న పుకారు మీద అడిగితే రెయిన్‌డీర్ పాలు తాగుతానని నవ్వేశాడు. ఆయన మీద ఏదీ రుజువు కాలేదు, పైగా అప్పటికి అలా ఎక్కించుకోవడం మీద నిషేధమే లేదు. 1992 ఒలింపిక్స్‌లో 5,000 మీటర్లు గెలిచిన జర్మన్ డీటర్ బౌమన్ డోపింగ్ మీద గట్టిగా గొంతెత్తిన మనిషి. 1999లో ఆయన నమూనాలోనే నాండ్రోలోన్ ఆనవాళ్లు దొరికాయి. ఆ పదార్థం టూత్‌పేస్టులోంచి వచ్చిందని తేలింది, ఎవరో కుట్ర చేసి కలిపారని ఆయన అన్నాడు. అమెరికా రన్నర్ షెల్బీ హూలిహాన్ నమూనాలోనూ అదే మందు దొరికితే, తప్పు తాను తిన్న బరిటోలోని పంది మాంసానిదని చెప్పింది. షికాగో రికార్డు తర్వాత తన నమూనాలోనూ నిషేధిత మందు దొరికితే, చెప్‌న్‌గెటిచ్ మొదట తనకేమీ తెలియదని, తర్వాత పనిమనిషి మాత్ర వేసుకున్నానని చెప్పింది. ఆ మాత్రలోని హైడ్రోక్లోరోథయజైడ్ మన ఇళ్లలోనూ బీపీ ఉన్న పెద్దవాళ్ల మందుల డబ్బాలో కనిపించేదే. ఒంట్లోంచి నీటిని తోడేసి మిగతా మందుల జాడ చెరిపేస్తుందని దాన్ని నిషేధించారు. మిల్లీలీటరుకు 20 నానోగ్రాములు దాటితే నివేదించాల్సిన చోట ఆమె నమూనాలో దాదాపు 3,800 ఉన్నాయి.

ఈ సంజాయిషీల్లో ఏది నిజమో తేల్చడం కాలమ్ రాసేవాళ్ల పని కాదు. చూడాల్సింది వినే చెవుల్ని. బౌమన్‌ను జర్మనీ సమాఖ్య నిర్దోషి అని వదిలేసింది, అంతర్జాతీయ సమాఖ్య రెండేళ్లు నిషేధించింది. టూత్‌పేస్టు అదే, నమూనా అదే. హూలిహాన్ మీద నాలుగేళ్ల నిషేధం పడ్డాక కూడా అమెరికా సమాఖ్య ఆమెను ఒలింపిక్ ట్రయల్స్‌లో పరిగెత్తనిస్తామని ముందు చెప్పి, గోల జరిగాక వెనక్కి తగ్గింది. ఒక కెన్యా అమ్మాయి బరిటో పేరు చెప్పి ఉంటే అమెరికాలో ఎంతమంది ఆ వంటకం తయారీ విధానాన్ని అంత శ్రద్ధగా చదివేవారు?

ప్రత్యర్థుల అనుమానం లేకపోతే దొంగలు దొరికేదెలా అని అడుగుతారు. దీనికి అందరూ చూపించే ఉదాహరణ 2001 ఎడ్మంటన్ ప్రపంచ చాంపియన్‌షిప్స్. రష్యా రన్నర్ ఓల్గా యెగొరోవా పారిస్‌లో ఇచ్చిన మూత్ర నమూనాలో ఈపీఓ ఉందని తేలింది. ఎర్రరక్తకణాల్ని పెంచి కండరాలకు ఆక్సిజన్ మోసే కూలీల సంఖ్య పెంచే మందు అది, దూరపు పరుగుకు అంతకంటే పనికొచ్చేది లేదు. అయితే దానికి తోడుగా చెయ్యాల్సిన రక్తపరీక్ష చెయ్యలేదన్న కారణంతో నిషేధం ఎత్తేశారు. బ్రిటన్ రన్నర్ పౌలా రాడ్‌క్లిఫ్ గ్యాలరీలో కూర్చుని ఈపీఓ మోసగాళ్లను బయటికి పంపాలని అట్ట పట్టుకుంది. అధికారులు వచ్చి అట్ట లాక్కున్నారు. యెగొరోవా ప్రేక్షకుల ఈలల మధ్య 5,000 మీటర్ల స్వర్ణం తీసుకుపోయింది. రాడ్‌క్లిఫ్ అనుమానం తప్పేమీ కాదు, 2008లో నమూనాలు మార్చిన రష్యన్ మహిళల జాబితాలో యెగొరోవా పేరు వచ్చింది. కానీ ఆమెను పట్టించింది ల్యాబులో డీఎన్ఏ సరిపోల్చిన వాళ్లు. మధ్యలో ఏడేళ్లు గడిచాయి. అట్ట మీద రాసిన మాట నిజమే అయినా, ఆ అట్టకు దొంగను పట్టే శక్తి లేదు.

అదే చక్రం తిరిగి 2015లో రాడ్‌క్లిఫ్ దగ్గరికే వచ్చింది. వేలమంది అథ్లెట్ల రక్త పరీక్షల వివరాలు బయటికి పొక్కాయి. బ్రిటన్ పార్లమెంటరీ కమిటీలో ఒకాయన లండన్ మారథాన్ విజేతల ప్రస్తావన తెచ్చేసరికి, పేరు చెప్పకుండానే అందరి చూపూ ఆమె మీదికి తిరిగింది. ఎత్తైన చోట శిక్షణ, పరుగు ముగిసిన వెంటనే రక్తం తియ్యడం, ఒంట్లో నీరు తగ్గడం వంటి కారణాలు ఉన్నాయని ఆమె చెప్పుకుంది. అసంపూర్ణమైన వివరాల్ని తప్పుగా చదివి నిందించారని అంతర్జాతీయ సమాఖ్య తేల్చింది, బ్రిటన్ డోపింగ్ నిరోధక సంస్థా కేసు లేదంది. రెండూ సబబే. అంకెను సందర్భంతో కలిపి చదవాలన్న ఈ ఇంగితం అందరికీ అందితే బాగుండేది. ఆ జాబితాలో రష్యన్ పేరు పక్కన ఉన్న అంకె చాలామందికి సాక్ష్యం, బ్రిటిష్ పేరు పక్కన ఉన్నది వాతావరణ సమస్య.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని మనవాళ్ల సామెత. ఈశ్వరుడి సంగతి ఏమో గానీ పొరుగు దేశం మాత్రం పట్టలేదు. దూరపు పరుగులో పెద్ద కుంభకోణాలు ఏ నోటి వెంట వచ్చాయో వరసగా చూడండి. 2014 చివర్లో రష్యా గుట్టు జర్మన్ టీవీలో రట్టయింది, కానీ చెప్పినవాళ్లు 800 మీటర్ల రన్నర్ యూలియా స్తెపనోవా, రష్యా డోపింగ్ నిరోధక సంస్థలోనే పనిచేసిన ఆమె భర్త. మా జున్‌రెన్ శిబిరంలో తమకు బలవంతంగా మందులిచ్చారని వాంగ్ జున్‌షియా, మరో తొమ్మిదిమంది తోటి రన్నర్లు సంతకాలు చేసి 1995లో రాసినట్టు చెబుతున్న ఉత్తరం 2016లో చైనా మీడియాలోనే బయటపడింది. 1976 మారథాన్ స్వర్ణం గెలిచిన వాల్డెమర్ సిర్పిన్‌స్కీ పేరు ఉన్నది తూర్పు జర్మనీ సొంత రహస్య పోలీసుల కాగితాల్లో. రజతంతో సరిపెట్టుకున్న అమెరికన్ ఫ్రాంక్ షార్టర్ ఎన్నేళ్లు అనుమానించినా ఆ కాగితాల పాటి పని జరగలేదు. అమెరికాలో ఆల్బెర్టో సలాజర్ నడిపిన నైకీ ఒరెగాన్ ప్రాజెక్టు మీద నోరు విప్పింది కూడా అక్కడే పనిచేసిన స్టీవ్ మాగ్నెస్, అక్కడే పరిగెత్తిన కారా గౌచర్. 2019లో సలాజర్‌ను నాలుగేళ్లు నిషేధించారు. ఎంత టెస్టోస్టెరాన్ జెల్ రాస్తే పరీక్షలో దొరుకుతారో తెలుసుకోవడానికి ఆయన తన కొడుకుల మీదే ప్రయోగం చేయించాడు. ఎందుకయ్యా అంటే, ప్రత్యర్థులు తన రన్నర్లకు చాటుగా జెల్ పూసి ఇరికిస్తారేమోనని భయమట. పరదేశం మీద అనుమానాలు ఎన్నో విన్నాం, దాన్ని సొంత ఇంట్లో ప్రయోగశాలకు అనుమతిపత్రంగా వాడుకోవడం మాత్రం కొత్త.

అయితే అన్ని దేశాలూ ఒకటేనా, తూర్పు జర్మనీ, రష్యా ప్రభుత్వమే నడిపిన వ్యవస్థలు కావా అని మరో అభ్యంతరం. నిజమే, అవి ఒకటి కావు. ఒక రన్నర్ రహస్యంగా మాత్ర మింగడం వేరు, క్రీడాశాఖే ఏర్పాట్లు చూడడం వేరు. అందుకే వ్యవస్థను శిక్షించాలి, 2015 నవంబరులో రష్యా సమాఖ్యను సస్పెండ్ చేసింది అలాగే. కానీ ఆ వ్యవస్థకు కాపలా కాసింది ఎవరో కూడా చూడాలి. మూడుసార్లు షికాగో మారథాన్ గెలిచిన రష్యా రన్నర్ లిలియా షొబుఖోవా తన డోపింగ్ కేసు మూసేయించడానికి 4,50,000 యూరోలు చెల్లించుకుంది. ఆ వ్యవహారంలో అంతర్జాతీయ సమాఖ్య మాజీ అధ్యక్షుడు, సెనెగల్‌కు చెందిన లమిన్ డియాక్‌ను 2020లో పారిస్ కోర్టు దోషిగా తేల్చింది. కంచే చేను మేసిన ఈ కేసులో మేత రష్యాది, మేసినవాడు సెనెగల్ వాడు, తీర్పు ఫ్రాన్స్‌ది. ఇందులో ఏ జెండాను చూసి అనుమానించాలో తేలక స్వదేశాభిమానులు కొంత ఇబ్బందిపడ్డారు.

కెన్యాలో ఒక దశాబ్దంలో వందమందికి పైగా పట్టుబడ్డారు కదా, అంకెలు అబద్ధమా అంటారు. అబద్ధం కావు. కానీ ప్రపంచంలో డబ్బొచ్చే రోడ్డు పరుగులన్నిట్లో ముందువరస నిండా కెన్యావాళ్లే ఉంటారు, ఒక్క గెలుపుతో ఊళ్లో పొలం కొనగలిగే పేదరికం ఉంది, మందు చేతికిచ్చే మధ్యవర్తులున్నారు. ఇవి కారణాలు, సాకులు కావు. 2022లో నిషేధం అంచుదాకా వెళ్లాక అక్కడి ప్రభుత్వం ఏటా 50 లక్షల డాలర్ల చొప్పున ఐదేళ్లు డోపింగ్ నిరోధానికి ఖర్చుపెడతానని మాటిచ్చింది. ఈలోగా నిర్దోషిత్వం కూడా సరుకైపోయింది. 2025 బెర్లిన్ మారథాన్‌కు ముందు కెన్యా రన్నర్ సబాస్టియన్ సావే తనను అదనంగా పరీక్షించమని కోరాడు. బూట్ల కంపెనీ 50,000 డాలర్లిచ్చింది, రెండు నెలల్లో 25 సార్లు నమూనాలు తీశారు. స్పాన్సర్ లేని రన్నర్ మంచివాడని నిరూపించుకోవాలంటే ముందు అప్పు చెయ్యాలి కాబోలు. చేతికి సూది గుచ్చుకుంటే నేరం, పాదం కింద కార్బన్ పలకా ఖరీదైన నురుగూ పెట్టుకుంటే విజ్ఞానం అన్న సంగతిని ఇక్కడ పొడిగించను. సోల్ మందం 40 మిల్లీమీటర్లు దాటకూడదని 2020లో గీత గీశారు, ఆ గీత లోపల ఎన్ని నిమిషాలు దాగున్నాయో బూట్ల కంపెనీలకే తెలుసు.

ఇంతవరకు చదివి, మనకేం, మనం ఒలింపిక్ మారథాన్ పతకాలకు పోటీలోనే లేం కదా, గట్టు మీద కూర్చుని చూద్దాం అనుకునే పాఠకుడికి ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) లెక్కలు కొంచెం అసౌకర్యం. 2023లో భారత్‌లో 5,606 నమూనాలు పరీక్షిస్తే 213లో నిషేధిత పదార్థాలు దొరికాయి. 2024లో 7,113కి 260. పెద్ద సంఖ్యలో పరీక్షలు చేసే దేశాల్లో ఇంత శాతం మరెక్కడా లేదు. మన సంస్థలు వెంటనే చెప్పిన జవాబు: పరీక్షలు పెంచాం కాబట్టి కేసులు పెరిగాయి. అందులో కొంత నిజం ఉండొచ్చు. అదే మాట కెన్యా చెబితే మనం నవ్వేవాళ్లం. పరీక్షలు పెంచితే కేసుల సంఖ్య పెరగాలి గానీ శాతం ఎందుకు అంత పైన ఉందో ఎవరూ విడమరచలేదు.

2036 ఒలింపిక్స్ అడుగుతున్న దేశం కాబట్టి 2023 సెప్టెంబరు ఢిల్లీ రాష్ట్ర అథ్లెటిక్స్ పోటీల్ని రిహార్సల్ అనుకోవచ్చు. జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం స్నానాలగదిలో వాడేసిన సిరంజీలు పడున్న వీడియో బయటికొచ్చింది, ఆఖరిరోజు జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ (నాడా) అధికారులు దిగారు. పురుషుల 100 మీటర్ల ఫైనల్‌లో పరిగెత్తడానికి ఒకే ఒక్కడు వచ్చాడు, మిగతావాళ్లకు ఉన్నట్టుండి కండరాలు పట్టేశాయి. ఇక్కడ చైనా లేదు, రష్యా లేదు, కెన్యా లేదు, కుట్ర చెయ్యడానికి పక్క రాష్ట్రం కూడా లేదు. జూనియర్ స్టీపుల్‌చేజ్‌లో ఒక అమ్మాయి ముగింపు గీత దాటాక కూడా ఆగలేదు, పరిగెడుతూనే పోయింది, నమూనా కోసం అధికారి వెంటపడ్డాడు. దూరపు పరుగులో మనవాళ్లకు ఓపిక చాలదని ఏళ్ల తరబడి నిట్టూర్చే క్రీడా విశ్లేషకులు ఆ ఇద్దరి టైమింగ్ ఎక్కడైనా నమోదైందేమో కనుక్కోవాలి, అధికారిది మరీ ముఖ్యం.